దారం తెగితే ఆగే సాంచా

నవాగామ్, సూరత్
ఆదివారం, దీపాలు పెట్టే వేళ



పోయిన ఉత్తరం చివర్లో, మా గల్లీ పిల్లలకు ఆదివారం పూట ప్రోగ్రామింగ్ నేర్పుతున్నానని ఒక్క వాక్యం రాశాను. మిగతా ఉత్తరమంతా వానల గురించి, తాపీ నది గురించి. మీ జవాబులు మాత్రం ఆ ఒక్క వాక్యానికే వచ్చాయి. భివండి నుంచి ఒక తల్లి, షోలాపూర్ నుంచి ఒక పెద్దాయన, సిరిసిల్ల నుంచి ఇంటర్ చదివే కుర్రాడు, అందరూ అడిగింది ఒకటే: మొట్టమొదట నేర్చుకోవడానికి ఏ భాష తేలిక? కుర్రాడు ఇంకో మాట కూడా రాశాడు. "ఇంగ్లీషు అంతంత మాత్రమే వస్తుంది, ఇంట్లో ఫోన్ తప్ప ఏమీ లేదు, నాతో అవుతుందా?" అని.

అవుతుంది బిడ్డా. ముందు ఆ మాట చెప్పి, తర్వాత భాషల సంగతికి వస్తాను.

కొత్తగా చేరిన పాఠకుల కోసం నా సంగతి రెండు ముక్కలు. వరంగల్ పక్క పల్లెటూరి పద్మశాలి ఇంట పుట్టాను. ఊళ్లో మగ్గం మూలపడ్డాక నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్ వచ్చాను. పన్నెండు గంటల షిఫ్టుల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాను. తర్వాత బట్ట మీద డిజైన్ వేయించే జకార్డ్ అట్టలు కొట్టాను. ఆ తర్వాత అవే డిజైన్లు కంప్యూటర్ మీద గీశాను. ఇప్పుడు పని మానేశాను. ఉంటున్నది నవాగామ్‌లో. ఇటు లింబాయత్, అటు డిండోలి, కాస్త దూరంలో ఉధ్నా స్టేషన్. మా మేడ మీద నిలబడితే జల్‌గావ్ వైపు వెళ్లే బండి కూత వినిపిస్తుంది. మా గల్లీలో మనవాళ్లు ఎందరో, ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీ వాళ్లు అంతకంటే ఎక్కువ. పిల్లలు ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, దుకాణంలో గుజరాతీ, సినిమాకు హిందీ మాట్లాడతారు. సూరత్ నగరపాలిక బడులు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా నడుస్తాయి. ఆ బడుల్లో చదివే పిల్లలే ఆదివారం పాఠానికి మా మేడ మీదికి వస్తారు. నాలుగు భాషలు అవలీలగా మాట్లాడే పిల్లలు ఐదో భాష అనగానే భయపడరు. అది నా మొదటి అదృష్టం.

ఇక ప్రశ్నకు వస్తాను. దీనికి జవాబు నాకు కంప్యూటర్ పుస్తకంలో దొరకలేదు, సాంచా దగ్గర దొరికింది.

మీలో మరమగ్గం నడిపినవాళ్లకు తెలుసు. పడుగులో పోగు పోగుకూ ఒక పలచని ఇనుప రేకు తగిలించి ఉంటుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ ఆ రేకు పైనే ఉంటుంది. పోగు తెగిందా, రేకు కింద పడుతుంది, కరెంటు కలుస్తుంది, సాంచా టక్కున ఆగిపోతుంది. పడిన రేకు ఏదో చూసుకుని, పోగు ముడివేసి, మళ్లీ నడిపించుకోవడమే. ఈ రేకులు లేని పాత సాంచాల మీద కూడా నేను పనిచేశాను. వాటిలో పోగు తెగినా సాంచా నడుస్తూనే ఉంటుంది. ఎనిమిది సాంచాల మధ్య తిరిగే మనిషి ఇటు తిరిగి చూసేసరికి రెండు గజాల బట్ట మీద సన్నని గీత పడి ఉంటుంది. ఏ పోగు, ఎప్పుడు తెగింది, ఎక్కడి నుంచి విప్పాలి అని వెతుక్కోవాలి. ఆరితేరిన నేతగాడు చప్పుడును బట్టే పట్టేస్తాడు. కొత్తగా వచ్చినవాడికి ఆ చెవి ఉండదు కదా!

కంప్యూటర్ భాషలూ ఈ రెండు రకాల సాంచాల్లాంటివే. కొత్తవాడికి తేలికైన భాష అంటే పోగు తెగిన చోట, లేదా సాధ్యమైనంత దగ్గరలో, ఆగే భాష. మాటలు తక్కువ ఉన్న భాష కాదు. ఉద్యోగాలు ఎక్కువ ఉన్న భాష కాదు. ఇదే నా జవాబు. దీన్ని మా పిల్లల దగ్గర ఎలా తెలుసుకున్నానో చెప్తాను.

నేను మొదట నేర్చుకున్నది సి. అట్టలు పోయి ఎలక్ట్రానిక్ జకార్డ్ వస్తున్న రోజుల్లో, కంప్యూటర్ రాకపోతే పని పోతుందన్న భయంతో సాయంత్రాలు ఒక ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాను. నీలి రంగు తెర, పసుపు అక్షరాలు. సార్ బోర్డు మీద రాసేది, మేం దించుకునేది. ఒకసారి పది బీముల బరువులు తీసుకుని కూడే ప్రోగ్రాం రాశాను. లెక్కించడంలో ఒకటి ఎక్కువ పడి, ఆ బరువులు దాచిన పది గడుల తర్వాత లేని పదకొండో గడిని కూడా చదివేశాను. సి ఆగలేదు. ఆ చోట మెమరీలో ఏ చెత్త ఉందో అదే అంకె అనుకుని కూడి, లక్షల్లో ఒక మొత్తం చూపించింది. సార్‌ను అడిగితే "సరిగ్గా చూసుకో" అన్నారు. రెండు సాయంత్రాలు ఆ పది వరుసలూ చూశాను. నా వయసుకు ఇది ఎక్కదని మూడో రోజు మానేయబోయాను కూడా.

ఇందులో సి తప్పు లేదు. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ దాన్ని తయారుచేసింది యూనిక్స్ లాంటి వ్యవస్థలు రాయడానికి. రాసేవాడికి తన పని తెలుసు, వాడి చేతికి అడ్డం పడొద్దు, వేగం ముఖ్యం: ఇదీ దాని తీరు. ఆ తీరు వల్లనే ఈ రోజుకీ లైనక్స్ గుండెకాయ సి లోనే ఉంది. మా మేడ మీద పిల్లలు వాడే పైథాన్ అనే భాష కూడా లోపల సి లోనే రాసి ఉంది. ఆరితేరిన చెవికి అది మంచి సాంచా. మొదటి రోజు పనికి వచ్చిన పిల్లవాడిని దాని ముందు ఒంటరిగా నిలబెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. పక్కన ఓపికగల మనిషి కూర్చుని ఉంటే వేరు. అప్పుడు సి తో మొదలుపెట్టినా బతికి బట్టకడతారు, చాలామంది కట్టారు కూడా.

ఒక చిన్న లెక్క చెప్తాను. 1989 నాటి ప్రామాణిక సి లో భాష తనకంటూ కేటాయించుకున్న మాటలు 32. ఇప్పటి పైథాన్‌లో 35. అంటే మాటల లెక్కన సి యే చిన్నది. అయినా మా పిల్లలకు పైథాన్ వారంలో చేతికి వచ్చింది. ఇంగ్లీషు రాదని దిగులుపడే సిరిసిల్ల బిడ్డ ఇది గమనించాలి. 35 మాటలంటే ఒక పెళ్లికి రాసే సామాను చీటీ అంత కూడా కాదు. అవి బట్టీ పట్టనక్కర్లేదు, పది పన్నెండుతో నెలలు గడిచిపోతాయి.

కొత్తవాళ్ల కోసమే భాషలు తయారుచేయాలన్న ఆలోచన పాతదే. 1964 మే నెలలో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల మాస్టార్లు బేసిక్‌ను నడిపించి చూపారు. సైన్సు చదవని పిల్లలకు కూడా కంప్యూటర్ అందాలన్నదే వాళ్ల పట్టుదల. 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జీగ్ లోగో తెచ్చారు. అందులో ఒక తాబేలు మన మాట విని నడుస్తూ గీతలు గీస్తుంది. ఆ తాబేలు వారసుడే 2007లో ఎంఐటీ నుంచి వచ్చిన స్క్రాచ్.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలుంటే నేను స్క్రాచ్ అంటాను, రెండో మాట లేదు. అందులో రాసేదేమీ ఉండదు. రంగు రంగుల దిమ్మల మీద ఆదేశాలు ఉంటాయి, ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవాలి. సరిపడని దిమ్మ అసలు తగలదు. అంటే అక్షరం తప్పు, కామా తప్పు అన్న గోల మొదటి రోజే పోయింది. మిగిలేది ఆలోచనలో తప్పు ఒక్కటే, అది తెర మీద మనం నడిపే పిల్లి బొమ్మ గోడలోకి దూసుకుపోవడంతో కళ్లకు కనిపిస్తుంది. మా మేడ మీద ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది, చిన్నపిల్లలు దాని చుట్టూ మూగుతారు. ఫోన్ తెర మీద మాత్రం ఆ దిమ్మలకు చోటు చాలదు, వేళ్లు ఇరుక్కుంటాయి.

మళ్లీ మళ్లీ చేసే పనిని లూప్ అంటారు కదా, దాన్ని చెప్పడానికి నాకు ఏ బొమ్మా అక్కర్లేకపోయింది. పాత జకార్డ్ అట్టల దండ ఒకటి దాచుకున్నాను. ఒక్కో అట్ట ఒక్కో పేక పోటుకు. రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. చివరి అట్టను మొదటి అట్టకు కుట్టేస్తే దండ గుండ్రంగా తిరుగుతూ అదే పువ్వును చీర పొడవునా వేస్తుంది. పిల్లల చేతికిచ్చి తిప్పమన్నాను. ఒక పిల్లవాడు తిప్పుతూ తిప్పుతూ ఆగి, "తాతా, ఒక అట్టల తప్పు బొక్క పడ్డదనుకో, ప్రతి పువ్వుల గదే తప్పు అస్తది గదా?" అన్నాడు. పడుతుంది నాయనా. నేను కొట్టిన అట్టల్లో అలా పడింది కూడా. లూప్‌లో తప్పు ఎలా ఉంటుందో నాకు రెండేళ్లకు తెలిసింది, వాడికి ఆ సాయంత్రమే తెలిసిపోయింది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో నేతగాడి కొడుకు జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 ప్రాంతంలో చేసిన ఆ పద్ధతిని చూసే, ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలతో ఆదేశాలివ్వాలనుకున్నాడు. ఇరవై నాలుగు వేల అట్టలతో పట్టు మీద నేసిన జకార్డ్ బొమ్మ ఒకటి బాబేజ్ ఇంట్లో ఉండేది. మన పిల్లలు ఈ విద్యకు కొత్త చుట్టాలేమీ కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ మాట విన్నాక మా మేడ మీద వాళ్లు కూర్చునే తీరే మారింది.

ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు పైథాన్. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టి 1991లో బయటికి విడిచిన భాష ఇది. పేరు కొండచిలువది కాదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య కార్యక్రమానిది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ లాంటి యాప్ ఒకటి వేసుకుంటే చాలు, తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది. తెరవగానే ఒక్క వరుస రాసి, నడిపి, జవాబు చూసుకోవచ్చు. పోగు తెగిన చోట ఆగి, ఏ వరుసలో తెగిందో చెప్తుంది. నన్ను రెండు రోజులు ఏడిపించిన ఆ పదకొండో గడి తప్పు మా పిల్ల ఒకతె పైథాన్‌లో చేసింది. జాబితాలో అన్ని లేవు అని తక్షణం ఆగిపోయింది. అర నిమిషంలో సరిచేసుకుంది. నేను మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

2021లో వచ్చిన 3.10 రూపం నుంచి పైథాన్ ఇంకాస్త దయగా మారింది. పేరులో అక్షరం తప్పితే "మీరు ఫలానా అనబోయారా?" అని అడుగుతుంది. బ్రాకెట్ తెరిచి మూయకపోతే ఏది మూయలేదో చూపిస్తుంది. ఇదంతా ఇంగ్లీషులోనే ఉంటుంది, నిజమే. అందుకే మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎర్రర్ వస్తే కింది నుంచి పైకి చదవాలి. చివరి వరుసలో ఏమైందో ఉంటుంది, దాని పైన ఎక్కడైందో ఉంటుంది. బట్టలో గీత కనిపిస్తే కూడా నేత నడుస్తున్న చోటి నుంచి వెనక్కి చూసుకుంటూ పోతాం కదా, అదే. తరచూ వచ్చే ఎర్రర్లు ఏడెనిమిది. వాటిని గోడ మీద రాసి పక్కన తెలుగులో అర్థం రాశాం. నెల తిరిగేసరికి గోడ వైపు ఎవరూ చూడటం లేదు.

పైథాన్‌లో మన తెలుగుకు చోటుంది. 2008లో వచ్చిన మూడో రూపం నుంచి ప్రోగ్రాంలో మనం దాచుకునే విలువలకు పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. కూలి, మీటర్లు, సాంచా అని రాసుకుంటే అది చక్కగా ఒప్పుకుంటుంది. 'చూపు' అనే పేరును ప్రింట్ అనే ఆదేశానికి సమానం చేసి ఒక్క వరుస రాస్తే, అక్కడి నుంచి చూపు అన్నా తెర మీద చూపిస్తుంది. మా పిల్లలు మొదటి రెండు వారాలు అలాగే రాశారు. తర్వాత వాళ్లంతట వాళ్లే ప్రింట్‌లోకి వెళ్లిపోయారు. తెలుగు అంకెల్లో ౪౨ అని రాసి ఇచ్చినా, అంకెగా మార్చమంటే పైథాన్ 42గా మార్చేస్తుంది! మా ఇంటి పక్క ముసలాయన తెలుగు అంకెల్లోనే పద్దు రాస్తాడు. ఆయన పిలిపించుకుని మరీ చూశాడు.

చిక్కులూ ఉన్నాయి. ఒక పిల్లవాడు పవర్‌లూమ్ అని పేరు పెట్టాడు. ఆగిపోయింది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఎంత చూసినా తప్పు లేదు. సంగతి ఏమిటంటే, 'ర్' కింద 'ల' వత్తుగా మారిపోకుండా ఫోన్ కీబోర్డు మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడుతుంది. కంటికి కనిపించదు, పైథాన్‌కు కనిపిస్తుంది, పేర్లలో దాన్ని ఒప్పుకోదు. కనిపించని అక్షరం ఉందని దాని సంకేత సంఖ్యతో సహా చెప్పింది కూడా. సాంచా అని మార్చాడు, నడిచింది.

ఇంకో రోజు ఒక మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కించమన్నాం. నవాగామ్‌కు ఎన్ని? పిల్లలు నాలుగన్నారు. పైథాన్ ఏడంది. గొడవ మొదలైంది. కాగితం మీద విడదీసి రాశాం: న, వ, ఆ గుర్తు, గ, మళ్లీ ఆ గుర్తు, మ, పొల్లు. ఏడు! కంప్యూటర్ మన గుణింతాన్ని ముక్కలు ముక్కలుగా దాచుకుంటుందని వాళ్లకు తెలిసింది ఆ రోజే. ఒకటో తరగతిలో నేర్చుకున్న గుణింతం వాళ్లు మళ్లీ ఒకసారి కొత్తగా చూశారు. ఇంగ్లీషు పిల్లలకు ఈ భోగం లేదు, వాళ్లకు అక్షరమంటే అక్షరమే.

జావాస్క్రిప్ట్ సంగతి కూడా అడిగారు. అది ఇప్పటికే మీ ఫోన్‌లో ఉంది, బ్రౌజర్ ఉన్న ప్రతిచోటా ఉంది. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దాని మొదటి రూపం తయారుచేశాడు. బటన్ నొక్కితే రంగు మారడం, బొమ్మ కదలడం లాంటివి చూసి సంబరపడే పిల్లలకు దానంత తొందరగా ఫలితం చూపేది లేదు. నా భయమంతా దాని మెత్తదనం గురించే. అక్షరాలుగా ఉన్న 5కు అంకె 1 కలపమంటే 51 అని చెప్పి ముందుకు పోతుంది. లేని గడిని అడిగితే 'లేదు' అన్న అర్థంలో ఒక మాట చెప్పి ముందుకు పోతుంది. ఆగదు. అందుకే రెండో భాషగా అయితే ఆనందంగా నేర్పుతాను.

జావా గురించి ఒక్క ముక్క. అమీర్‌పేట్ హాస్టల్లో ఉన్న మా మేనల్లుడు "మామా, సి, తర్వాత జావా, అప్పుడే ఉద్యోగం" అంటాడు. ఉద్యోగం సంగతి వాడికే బాగా తెలుసు, వాదించను. కానీ తెర మీద ఒక్క నమస్కారం చూపించడానికి జావా పాఠం చాలాకాలం పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ అనే మంత్రంతోనే మొదలయ్యేది. అదేమిటి తాతా అంటే "తర్వాత చెప్తా" అనాలి. మొదటి వరుసలోనే "తర్వాత చెప్తా" అనడం నాకు నచ్చదు. పిల్లవాడు అడిగింది అప్పుడే చెప్పగలిగిన భాష కావాలి. ఉద్యోగానికి ఏ భాష అన్నది మూడేళ్ల తర్వాతి ప్రశ్న. ఒక సాంచా పట్టుబడినవాడికి ఇంకో సాంచా నెలలో వస్తుంది, ఇది నేను నా చేతులతో చేసి చూసిన సంగతి.

ఇంతా చెప్పి, పైథాన్ ప్రతి పోగు దగ్గరా ఆగుతుందని మీరనుకుంటే నేను అబద్ధం చెప్పినట్టు. ఈ మధ్య జరిగింది రాస్తాను.

తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతె, మా వెనక వీధిలో ఉంటుంది. వాళ్ల బాపు సాంచా కార్మికుడు. ఆయన కూలి లెక్క ఫోన్‌లో వేసిపెడతానంది. పగలు ఎన్ని మీటర్లు, రాత్రి ఎన్ని మీటర్లు అడగాలి, కూడాలి, మీటరు రేటుతో గుణించాలి. ఆరు వరుసల ప్రోగ్రాం, సొంతంగా రాసింది. ఉదాహరణకు పగలు 42, రాత్రి 38, రేటు రెండున్నర అనుకుంది. నడిపింది. మొత్తం మీటర్లు చూపించి, గుణించే వరుస దగ్గర ఆగిపోయింది. ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది, వెనకాలే వాళ్లమ్మ కూడా, కూర గిన్నె తిరిగివ్వడానికి.

పిల్లా నేనూ గుణింపు వరుస చూస్తున్నాం. గుర్తు సరిగ్గా ఉంది, రేటు సరిగ్గా ఉంది. పది నిమిషాలు అదే వరుస. వాళ్లమ్మకు చదువు రాదు, అంకెలు వచ్చు. భుజం మీదుగా తొంగిచూసి అంది:

"గదేందే! ఒక్క సాంచ మీద నాలుగువేల మీటర్లు ఎట్లయితయ్?"

అప్పుడు చూశాం. మొత్తం మీటర్లు 80 రావాలి. తెర మీద 4238 ఉంది. ప్రోగ్రాం అడిగినప్పుడు మనం కీబోర్డు మీద కొట్టింది ఏదైనా పైథాన్ ముందు అక్షరాలుగానే తీసుకుంటుంది. అక్షరాలను కూడమంటే పక్కపక్కన పెడుతుంది. 42 పక్కన 38 పెట్టింది. దాని దృష్టిలో అది తప్పు కాదు కాబట్టి ఆగలేదు. ఆ అక్షరాలను రెండున్నరతో గుణించమన్నప్పుడే ఇది నావల్ల కాదని ఆగింది. పోగు తెగింది ఒక చోట, రేకు పడింది రెండు వరుసల కింద. పడిన చోట ముడి వెతికితే ఎలా దొరుకుతుంది? అదే ప్రోగ్రాంలో రేటు సరిగ్గా 2 అని రాసి ఉంటే ఇంకా ఘోరం, ఆ అక్షరాలనే రెండుసార్లు వరసగా రాసి 42384238 అని చూపేది, ఎక్కడా ఆగేది కాదు.

తీసుకున్న దాన్ని అంకెగా మార్చమని రెండు చోట్ల ఒక్కో మాట చేర్చింది. 80 మీటర్లు, 200 రూపాయలు. వాళ్లమ్మ గిన్నె అక్కడే పెట్టి, "ఇంకోపాలి నడిపియ్యి" అంది. మూడుసార్లు నడిపించుకుంది.

ఆ తల్లి చేసిన పని మీరు జాగ్రత్తగా చూడండి. జవాబు ఎంత ఉండాలో ఆమెకు ముందే తెలుసు. భివండి నుంచి రాసిన అమ్మా, "నాకేమీ రాదు, పిల్లకు ఎలా సాయం చేయను" అని అడిగారు కదా, ఇలాగే. పక్కన కూర్చోండి. వచ్చిన జవాబు నమ్మేలా ఉందా అని అడగండి. ఆ ప్రశ్న ఏ భాషా తనంతట తాను వేసుకోదు.

సిరిసిల్ల బిడ్డా, నీకు ఫోన్‌లో పైథాన్. రోజుకు అరగంట. వీడియో చూస్తే చూడు, కానీ చూసినదాన్ని ఆపి నీ చేత్తో కొట్టి నడుపు. మొదటి నెల మీ ఇంటి లెక్కలే రాయి: కరెంటు బిల్లు, పాల పద్దు, కండెల లెక్క. తెగిన ప్రతి పోగూ ఒక నోటుబుక్కులో రాసుకో, ఏ వరుసలో తెగిందో, ఎలా ముడేశావో. నాకు ఉత్తరం రాసేటప్పుడు ఆ నోటుబుక్కులోంచి మూడు తప్పులు రాసి పంపు. షోలాపూర్ పెద్దాయనా, మీ మనవడికి తొమ్మిదేళ్లు అన్నారు కాబట్టి స్క్రాచ్, అదీ వాడు అడిగినప్పుడే.

ఆ పిల్ల సంగతి అక్కడితో అయిపోలేదు. నిన్న రాత్రి షిఫ్టుకు వెళ్లేముందు వాళ్ల బాపు మేడ మీదికి వచ్చాడు. ప్రోగ్రాం చూశాడు. బాగుందని తలూపాడు.

"డ్యామేజీ కోత ఏసినవా బిడ్డా?" అని అడిగాడు.

"లేదు బాపూ. ఎట్ల కోస్తరు? మీటరుకెంత?"

"గది సేఠ్ లెక్క. మాకు చెప్పరు. చీటీ మీద ఉత్త అంకె ఉంటది."

"లెక్క తెల్వకుంటే గీ లైను ఎట్ల రాయాలె?"

ఆయన కాసేపు ఊరుకున్నాడు. ఇన్నేళ్లలో తనను ఆ మాట ఎవరూ అడగలేదేమో. తర్వాత చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, మూడు నెలల కూలి చీటీలు ట్రంకు పెట్టెలో ఉన్నాయని, వచ్చే ఆదివారం తెస్తానని చెప్పి వెళ్లాడు. పిల్ల ఆ వరుస ఉండాల్సిన చోట, తర్వాతి మాటలను పైథాన్ చదవకుండా వదిలేయమని చెప్పే గుర్తు ఒకటి పెట్టి, పక్కన తెలుగులో రాసుకుంది: ఇక్కడ కోత లెక్క రావాలె, చీటీలు చూసి.

మీ
నవాగామ్ తాత